నూట ఇరవై ఒక్క గుంజీళ్ళ లడ్డూ

పాలవెల్లి కోటను ఏలే పెద్దిరాజుకి ఏడాదికో సరదా పుట్టేది. కిందటేడు చిలకలకి సంగీతం నేర్పించబోయాడు. చిలకలకి ఒక్క ముక్కా రాలేదు గానీ, నేర్పిన భాగవతారు మాత్రం ఇప్పటికీ కీచుగొంతుతోనే మాట్లాడుతున్నాడు.

ఈ ఏడు సరదా పిల్లల మీదికి మళ్ళింది. రాజ్యమంతా గాలించి, పన్నెండుమంది చురుకైన పిల్లల్ని ఏరి కోటకి రప్పించాడు.

"ఎదుటివాడు వేయబోయే ఎత్తుని ముందే పసిగట్టే విద్య వీళ్ళకి రావాలి. రేపు పొరుగురాజులతో బేరాలు తెమల్చాల్సింది వీళ్ళే," అన్నాడు.

చదువు చెప్పే పని ఆస్థాన పండితుడు త్రివిక్రమశాస్త్రులకి దక్కింది. ఆయనకి అరవైనాలుగు ఎత్తుగడలూ కంఠతా వచ్చు. వాటిలో ఒక్కదాన్నీ ఏనాడూ వాడింది లేదు, అది వేరే సంగతి. పిల్లల చేత పొద్దస్తమానం వల్లె వేయించేవాడు. ఒక్క అక్షరం తప్పితే చాలు, పది గుంజీళ్ళు తీయించేవాడు.

సాయంత్రం కాగానే పిల్లలంతా కోనమ్మ దగ్గరికి పరిగెత్తేవాళ్ళు. కోనమ్మ రాజుగారికి తమలపాకులు చుట్టి అందించే మనిషి. పిల్లాపాపా లేనిది. వసారాలో సుద్దముక్కతో గీతలు గీసి వాళ్ళతో పులిజూదం ఆడేది.

"నీ ఎత్తు సరేరా, అవతలివాడికేం కావాలో చూశావా? వాడు ఎక్కడ ఆగుతాడో, ఎక్కడ ఆగలేడో చూశావా?" అని ఊరికే పోరేది.

ఒకనాడు రాజు పిల్లల్ని సభకి పిలిచాడు.

"పొరుగురాజు దూత సంధి అంటూ వచ్చి అబద్ధాలు చెబుతున్నాడు. మీరేం చేస్తారు?"

శాస్త్రులు కళ్ళెర్రజేసి చూశాడు. పాపం, పన్నెండుమందీ చేతులు కట్టుకుని ముప్పైమూడో ఎత్తుగడని రాగం తీస్తూ అప్పజెప్పారు. అది పూర్తయ్యేసరికి రాజు రెండుసార్లు కునికాడు.

"ఇదా విద్య? ఈలోగా ఆ దూత కోట తాళాలు పట్టుకుపోతాడు!" అన్నాడు కోపంగా.

శాస్త్రులు తడుముకోలేదు. "తప్పు నాది కాదు ప్రభూ. ఆకులు చుట్టే కోనమ్మ ఆటలు మప్పి వీళ్ళని పాడుచేస్తోంది. ఆవిణ్ణి కోట దాటిస్తే గానీ వీళ్ళు బాగుపడరు."

రాజు పక్కన ఆకులు చుడుతున్న కోనమ్మ పిల్లల వైపు చూసింది. కోట పోతే పోయింది, ఆకులు ఎక్కడైనా చుట్టుకుని బతకొచ్చు. ఈ పిల్లల్ని వదిలి ఉండటం మాత్రం తన వల్ల కాదు. తొమ్మిదేళ్ళ చెంగల్వ అప్పటికే వచ్చి ఆవిడ కొంగు పట్టుకుని నిలబడింది.

"ఏమంటావు కోనమ్మా?" అడిగాడు రాజు.

"నా ఆటలు దండగో కాదో ఇంకో ఆటలోనే తేల్చండి మారాజా." రాజుగారి ఫలహారం పళ్ళెంలోంచి ఒక లడ్డూ తీసి చూపించింది. "దీన్ని వేలం వేయండి. పాట వరహాల్లో కాదు, గుంజీళ్ళలో. ఒక పక్క పిల్లలు, ఇంకో పక్క శాస్త్రులుగారు. ఎక్కువ పాడినవాళ్ళది లడ్డూ. కానీ ఓడినవాళ్ళు కూడా పాడినన్ని గుంజీళ్ళూ తీయాల్సిందే. గుంజీళ్ళయ్యాకే లడ్డూ."

"తరవాత?"

"శాస్త్రులుగారు దాన్ని గెలిచి హాయిగా తింటే నేను కోట దాటిపోతాను. ఓడినా, గెలిచి నాకొద్దన్నా ఇక్కడే ఉంటాను."

శాస్త్రులు బొజ్జ నిమురుకున్నాడు. "లడ్డూని నేను వద్దంటానా!"

సభంతా నవ్వింది. ఆయన లడ్డూ వద్దన్న రోజు ఒకటి ఉన్నట్టు ఎవరికీ గుర్తులేదు మరి.

"ఒకటి!" అని పాట మొదలుపెట్టాడు శాస్త్రులు.

పిల్లలు గుమిగూడి గుసగుసలాడుకున్నారు. చెంగల్వ ముందుకొచ్చి, "రెండు," అంది.

"మూడు!"

"నాలుగు."

శాస్త్రులు తొమ్మిది అంటే చెంగల్వ పది అంది. శాస్త్రులు ఆలోచనలో పడ్డాడు. ఇక్కడ ఆగితే తొమ్మిది గుంజీళ్ళూ దండగ, లడ్డూ దక్కదు. ఇంకొక్కటి పెంచితే లడ్డూ తనదే.

"పదకొండు!"

యాభై దాటింది. ఆయనకి చెమటలు పట్టాయి. ఆగుదామంటే యాభై ఒకటీ దండగ! కాబట్టి యాభై మూడన్నాడు. వంద దాటేసరికి తలపాగా ఊడి చేతికొచ్చింది. కోనమ్మకీ బెంగ పట్టుకుంది. నేర్పడమైతే నేర్పింది గానీ, ఇంకెంతదాకా లాగుతారు ఈ పిల్లలు?

"నూట ఇరవై," అంది చెంగల్వ.

"నూట ఇరవై ఒకటి!" అని అరిచాడు శాస్త్రులు.

చెంగల్వ రెండు చేతులూ జోడించింది.

"లడ్డూ మీదేనండీ గురువుగారూ."

రాజు ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అనేశాడు. పన్నెండుమందీ వరసగా నిలబడి, చెవులు పట్టుకుని, తలా పదీ చకచకా తీసేశారు. రోజూ తీసేవే కదా, ఒక్కరికీ ఆయాసం రాలేదు.

"అన్యాయం! పంచుకున్నారు!" అని గోలపెట్టాడు శాస్త్రులు.

"ఎదురుగా పన్నెండుమంది నిలబడితే లెక్కపెట్టుకోవద్దటయ్యా?" అని రాజు చెంగల్వ వైపు తిరిగాడు. "మధ్యలో ఆయన ఆగిపోతే ఏం చేసేవాళ్ళే?"

"ఆగరు మహారాజా. భోజనం గంట కొట్టినా పాఠం ఆపరు."

శాస్త్రులు చెవులు పట్టుకున్నాడు. ఇరవైకి నడుం పట్టేసింది. ముప్పై ఒకటికి చతికిలపడ్డాడు. లడ్డూ వైపు చూసి, పిల్లల వైపు చూసి, గొంతు మెత్తబరిచాడు.

"అమ్మా చెంగల్వా, ఈ లడ్డూ నాకొద్దు. మీరే తినండమ్మా. మిగిలిన తొంభై మీరు తీసిపెట్టండి. ఇందాక నూట ఇరవై తీశారుగా!"

చెంగల్వ నోటిమీద చెయ్యి వేసుకుంది.

"అవి కోనమ్మత్త కోసం తీశామండీ. లడ్డూ కోసం ఎవరైనా తీస్తారా?"

రాజు సింహాసనం మీదే పొట్ట పట్టుకుని నవ్వాడు. కోనమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ నవ్వింది. రాజు తన ముత్యాల హారం తీసి ఆవిడ చేతుల్లో పెట్టి, వసారానే బడి చేసుకోమన్నాడు. శాస్త్రుల్ని పదమూడో శిష్యుడిగా చేర్చుకోమన్నాడు. శాస్త్రులు మారుమాట్లాడకుండా ఒప్పుకున్నాడు గానీ, మొదటి వారమంతా కూర్చోలేక నిలబడే పాఠం విన్నాడు.