చువ్వకు చల్లటి కొస

గుర్రపు నాడాలు ఒక్కరోజు ఆలస్యమయ్యాయని కమ్మరి మౌనాచారిని కోట బంట్లు నడివేసవి ఎండలో బండకు కట్టేశారు. పొద్దు వాలేసరికి ప్రాణం పోయింది.

పదిహేనోనాడు కోట దొర పరామర్శకు వచ్చాడు. "ఇందులో నా తప్పేమీ లేదమ్మా" అన్నాడు.

తప్పు లేదన్నవాడు కొలిమిలో పెట్టిన చువ్వ పట్టుకుని ఆ మాట చెప్పాలి. అది ఆ ఊరి ఆచారం. మౌనాచారి భార్య కాళమ్మ, మొగుడు పోయాక మొదటిసారి కొలిమి వెలిగించింది. చువ్వ ఒక కొసను నిప్పుల్లో పెట్టింది.

"చల్లటి కొసే పట్టుకోండి దొరా. నిప్పు జానెడు దూరంలో ఉంది."

దొర నవ్వి పట్టుకున్నాడు. కాళమ్మ తిత్తి ఊదుతూనే ఉంది.

"నేను బుద్ధి చెప్పమన్నానంతే" అని దొర తాపీగా మొదలుపెట్టాడు. "దివాను ఆ మాట దళవాయికి చెప్పాడు. దళవాయి బంట్లకి చెప్పాడు. ఆ బంట్లు... అబ్బా!"

చువ్వ కింద పడింది.

"నిప్పు ఉన్నచోటే ఉంది దొరా" అంది కాళమ్మ. "ఇనుములో కంటికి కనపడని రేణువులుంటాయనేవాడు మా ఆయన. ఏదీ చోటు వదలదట. కాలిన రేణువు వణికి పక్కదాన్ని కుదుపుతుంది, అది తన పక్కదాన్ని. మీ మాటా అలాగే మా ఇంటిదాకా వచ్చింది."

దొర చెయ్యి ఊదుకుంటూ తల దించుకున్నాడు.

"కాలగానే మీరు వదిలేశారు. ఆయన చేతులు కట్టేసి ఉన్నాయి."