ఒడ్డుకు చేరినదల్లా రాజుదే

ఇంతవరకూ ఎవరితోనూ పైకి అనలేదు: అన్నయ్య చొక్కా దొరకకూడదని రోజూ కోరుకుంటున్నాను.

పోలారావన్నయ్య సరుకు ఓడలో పనికెళ్లాడు. నడిసముద్రంలో దొంగలు ఓడెక్కారు. ఆ తర్వాత అన్నయ్య జాడ లేదు. ఇప్పుడా దొంగలు మన నేవీవాళ్లకి పట్టుబడ్డారట. వాళ్ల పడవలో దొరికిన బట్టల్ని గుర్తుపట్టడానికి రమ్మని నూకరత్నం వదిన ఫోన్ చేస్తోంది. నేనెత్తడం లేదు. ఎత్తకుండా కూర్చుని ఈ కథ రాస్తున్నాను.

సముద్రాన్ని ఆనుకుని ఒక రాజ్యం ఉండేది. రాజు ప్రచండవర్మ. అద్దం ముందు నిలబడితే అద్దమే ముందు నమస్కరించాలనుకునే మనిషి. అక్కడొక ఆచారం: ఏ ఓడ పగిలినా, ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకంతా రాజుదే.

ఒకసారి సముద్రపు దొంగలు పరదేశపు ఓడను దోచి, మనుషుల్ని నీళ్లలోకి తోసి, ఓడను పగలగొట్టి, మంచినీళ్ల కోసం ఆ రేవులోనే దిగి పట్టుబడ్డారు. ఆ ఓడ నడిపే సరంగు చెల్లెలు అన్నను వెతుక్కుంటూ వచ్చి సభలో నిలబడింది.

"మహాప్రభూ, మా అన్నను ఏం చేశారో వీళ్లనడగండి. నాకు న్యాయం చెప్పండి."

రాజు మీసం దువ్వాడు. "పిల్లా, దొంగలు మావాళ్లు కారు. ఓడ మాది కాదు. నడిసముద్రం అసలే మాది కాదు. శాసనాలు చేసే ఈ సభ అధికారం అల తడిపిన ఇసుక దగ్గర ఆగిపోతుంది. రేపు వీళ్లని వదిలెయ్యండి."

పెద్దలు తలలూపారు. విదూషకుడు కొమ్మన మాత్రం రాజు భుజం మీది పట్టుశాలువాకేసి చూశాడు.

"బహు బాగుంది ప్రభూ. ఎక్కడిది?"

"ఆ ఓడదే. ఒడ్డుకు చేరినదల్లా మాదేగా!"

"అన్నీనా? మంచీ చెడ్డా ఏరుకోరూ?"

"ఏరుకోవడానికి మేమేం సంతలో బేరగాళ్లమా? అన్నీ మావే. సభే సాక్షి!"

మర్నాడు కొమ్మన గుడ్డ కప్పిన బల్లనొకదాన్ని మోయించుకొచ్చాడు. "ప్రభూ, ఇదీ ఒడ్డుకు చేరింది. తమదే."

రాజు ఆత్రంగా గుడ్డ కింద చెయ్యి పెట్టాడు. చల్లటి మనిషి చెయ్యి తగిలింది. వెనక్కి గెంతితే కిరీటం జారి చెవి మీద ఆగింది.

"శవం! ఛీ, ఇది మాది కాదు!"

"అయితే శాలువా కూడా తమది కాదు. రెండూ ఒకే ఓడవి. శాలువా ఉంచుకుంటానంటారా, మనిషి కూడా తమవాడే. తమవాణ్ణి చంపినవాళ్లని శిక్షించే అధికారం తమ సభకు లేదా? సముద్రం సరుకు కోసం సాగే చెయ్యి, సముద్రంలో చచ్చినవాడి కోసం సాగదా?"

సభ కిసుక్కుమంది. రాజు కందగడ్డలా ఎర్రబడి, కిరీటం సర్దుకుని, చివరికి పగలబడి నవ్వేశాడు.

"దొరికిపోయాంరా కొమ్మనా! శాసనం రాయండి. సముద్రం మీద దోచినా, చంపినా, ఏ దేశపువాడైనా సరే, మన చేతికి చిక్కితే మన సభే శిక్షిస్తుంది." మెడలోని హారం తీసి కొమ్మనకిచ్చాడు.

అప్పుడొక ముసలి సభ్యుడు లేచాడు. "శాసనం సరే. చచ్చినవాడెవడో తేలకుండా శిక్ష ఎలా వేస్తాం? ఎవరైనా గుర్తుపట్టాలి."

రాజు నవ్వు ఆగిపోయింది. అందరూ ఆ పిల్లకేసి చూశారు. కొమ్మన ఆ పిల్ల దగ్గరకు వెళ్లాడు.

"అమ్మా, నా తెలివి ఇక్కడిదాకే. ఆ గుడ్డ నువ్వే తియ్యాలి."

ఆ పిల్ల గుడ్డ అంచు పట్టుకుని ఆగింది. తియ్యనంతసేపూ అన్న ఎక్కడో ఈదుతూనే ఉంటాడు. చివరికి తీసింది. నడుముకు తాను నేసిచ్చిన పట్టీ ఉంది.

"మా అన్నే" అంది.

రాజు తన పట్టుశాలువా తీసి అతని మీద కప్పాడు.

అన్నయ్య చొక్కాకి ఒక గుండీ నేను ఎర్రదారంతో కుట్టాను. తెల్లదారం అయిపోయింది. "ఏటే ఇది, ఓడంతా నవ్వుతారే" అంటూనే తొడుక్కెళ్లాడు.

నడిసముద్రంలో చేసిన నేరానికైనా మన కోర్టే శిక్ష వేసేలా పార్లమెంటు చట్టం చేసిందట. వదిన వాయిస్ మెసేజ్‌లో చెప్పింది. ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఓలమ్మీ, కుట్టినదానివి నువ్వే సెప్పాలే. నానొక్కదాన్నే ఆ గదిలోకి ఎల్లలేనే" అంది.

వదినకి ఫోన్ చేస్తాను. ఎత్తగానే ఏడవకూడదు. ఎర్రదారం వదినా, వస్తున్నాను, అని చెప్పాలి.