నది కవితలో ఒక పాదం

చైనా ఈశాన్య మూలన, కొరియాకి సరిహద్దయిన టూమెన్ నదికి ఇవతల ఒక చిన్న పట్టణం. అక్కడ కొరియా భాష మాట్లాడే కుటుంబాలు కొన్నే. ఆ భాషలో వాళ్లకున్నది ఒకే ఒక్క పత్రిక. దాని చివర సాహిత్య విమర్శకు రెండు పేజీలు. ఆ రెండూ రాసేది దక్‌సూ.

విమర్శ అని పేరే గానీ, కవి అతనికి మేనమామ, కథలు రాసేది పక్కింటావిడ, నవల రాసింది చిన్నప్పుడు అక్షరాలు దిద్దించిన పంతులు. అంత చిన్న లోకంలో యథార్థవాది లోకవిరోధి కావడానికి ఒక్క వ్యాసం చాలు. అందుకని వచ్చిన ప్రతి పుస్తకమూ ఆణిముత్యమే అయ్యేది. తన పొగడ్తలు తనే నమ్మడం మానేసి దక్‌సూకి ఏడాది దాటింది. ఇక కలం పక్కన పెట్టేద్దామనుకున్నాడు.

ఆ మాటే తన గురువు గ్యుచోల్ మాస్టారికి చెప్పాడు. ఉన్నదున్నట్టు రాస్తే మనుషులు దూరమవుతారు, పొగిడితే విమర్శ చచ్చిపోతుంది, ఏం చెయ్యమంటారని అడిగాడు. ఎనభై దాటిన మాస్టారు అంతా విన్నారు. మర్నాడు ఓక్‌బున్ పుస్తకావిష్కరణకి తనతో రమ్మన్నారు.

ఓక్‌బున్‌కి డెబ్బై ఏళ్లు. బతుకంతా వరిపొలంలో గడిపి, ఇన్నాళ్లకి మొదటి కవితల పుస్తకం వేసుకుంది. సభ వాళ్ల ఆనవాయితీ ప్రకారమే నడిచింది. చిన్నవాళ్లతో మొదలై పెద్దవాళ్ల దాకా ఒక్కొక్కరే లేచి నాలుగు మంచి మాటలు చెప్పి కూర్చోవాలి. చిన్నప్పుడు అమ్మతో నది దాటిన రోజు గురించి రాసిన కవితలో ఒక పాదం అందరికీ నచ్చింది. 'ఒడ్డెక్కి అమ్మ వెనక్కి తిరిగి నవ్వింది.' దక్‌సూ కూడా దాన్నే ఆకాశానికెత్తాడు. అందరికంటే తనే బాగా మాట్లాడానని లోలోపల మురిసిపోయాడు కూడా.

చివర్న మాస్టారు లేచారు. పుస్తకం కళ్లకి దగ్గరగా పెట్టుకుని అదే కవిత చదవడం మొదలుపెట్టారు. ఆ పాదం దాకా వచ్చి ఆగారు. మళ్లీ మొదటినుంచి చదివారు. మళ్లీ అక్కడే ఆగారు. మూడోసారీ అంతే. పెద్దాయనకి చూపు ఆనడం లేదేమోనని వెనక ఎవరో గుసగుసలాడారు.

“ఇక్కడికొచ్చి ఆగిపోతున్నాను, చెల్లెమ్మా,” అన్నారు మాస్టారు.

ఓక్‌బున్ మెల్లగా లేచి నిలబడింది.

“మా అమ్మ వెనక్కి తిరగలేదు, మాస్టారూ. మా అక్క అవతలి ఒడ్డునే ఉండిపోయింది. తిరిగి చూస్తే ఇంక అడుగు పడదని, అమ్మ నా చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేసింది. నవ్విందని రాస్తే బాగుంటుందనుకున్నాను.”

ఆమె తన పుస్తకం తెరిచి ఆ పాదం కొట్టేసింది. మాస్టారి ముందుకొచ్చి, నుదురు నేలకి తాకేంతగా వంగి దణ్ణం పెట్టింది. లేచేసరికి ఆమె మొహం తేటపడి ఉంది. దక్‌సూ ఇన్నేళ్లుగా ఎంతమందినో పొగిడాడు, ఏ ఒక్కరి మొహంలోనూ అతను ఆ తేట చూడలేదు.

బయటికొచ్చాక మాస్టారి పక్కనే నడిచాడు. చివరికి ఉండబట్టలేక అడిగాడు.

“ఆ సంగతి మీకు ముందే తెలుసా, మాస్టారూ?”

“నాకెలా తెలుస్తుంది నాయనా,” అన్నారాయన. “చదివానంతే.”