ముడి వేసి చూపిస్తేనే ముడి నేర్పే బడి

తొలకరికి ముందు, తుమ్మలవాగు ఒడ్డున ఒక కొత్త బడి వెలిసింది. నక్క పుట్టెక్కి కూర్చుని చాటింపు వేసింది: "పక్షం రోజుల్లో గూడల్లిక! గురువు సాక్షాత్తూ గిజిగాడు! ఇక్కడ నేర్చినవారి గూడు గాలివానకు చెక్కుచెదరదు!"

ఆ మాట వినగానే గువ్వకు ప్రాణం లేచొచ్చింది. గువ్వ గూడు సంగతి తెలిసిందేగా, నాలుగు పుల్లలు పరిచి గూడనుకుంటుంది. కింద నిలబడి చూస్తే గుడ్లు కనబడతాయి. నిరుడు తొలి ఈదురుగాలికే పుల్లల సందులోంచి గుడ్లు జారి పగిలిపోయాయి. ఈ ఏడు మళ్లీ రెండు పెట్టింది. కాపలాకు తోడు లేదు, మగగువ్వను డేగ తన్నుకుపోయింది. పడమట చూస్తే మబ్బు కమ్ముతోంది. వాన పడేలోగా గూటికి గట్టి అడుగు అల్లుకోవాలి.

పుట్ట దగ్గర పిట్టలు బారులు తీరి ఉన్నాయి. ఎట్టకేలకు గువ్వ వంతు వచ్చింది.

"నక్క మావా, నన్నూ బడిలో చేర్చుకో."

"చేర్చుకోవడానికేగా కూర్చున్నాను! ఏదీ, నువ్వల్లిన గూడొకటి తెచ్చి చూపించు."

"అల్లడం వస్తే నీ దగ్గరికెందుకొస్తాను?"

"అల్లడం రానివాళ్లను చేర్చుకుంటే బడి పరువేం కావాలి?"

వెనక నిలబడ్డ పూరేడు పిట్ట ఊరుకోలేదు. "బాగుంది వరస! పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు!"

నక్క కోప్పడలేదు, నవ్వింది. "సరే, మీ మొహాలు చూసి పరీక్ష తేలిక చేస్తున్నా. ఈ గడ్డిపోచతో ఒక్క ముడి వేయండి, చాలు."

అది ఎండిన గడ్డి. గువ్వ ముక్కుతో వంచగానే ఫట్‌మంది. పూరేడుదీ అంతే.

"అయ్యయ్యో! ఇక్కడే కూర్చుని సాధన చెయ్యండి. కదిలారా, వంతు పోతుంది. నేను గురువుగారితో మాట్లాడొస్తా. అన్నట్టు, మీ గూళ్లెక్కడ? గాలి ఎటు తగులుతుందో ఆయనకు చెప్పాలిగా."

"జొన్నచేని గట్టున, దర్భదుబ్బు కింద," అంది పూరేడు.

గువ్వ నోరు తెరిచేలోగా నక్క వెళ్లనే వెళ్లింది. ఎండలో పిట్టలన్నీ గడ్డి విరుచుకుంటూ కూర్చున్నాయి. చాలాసేపటికి నక్క మూతి నాక్కుంటూ వచ్చింది. "బ్యాచ్ నిండిందట. రేపు రండి!"

ఇంటిదారిలో పూరేడు ఏడుపు వినిపించి గువ్వ గట్టు మీద వాలింది. దర్భదుబ్బు కింద పెంకులు తప్ప ఏమీ లేవు.

"పాము తినిపోయిందేమోనే! నేనక్కడ వంతు కోసం కూర్చున్నాను గదా, ఎవరు చూసొచ్చారు!"

గువ్వకు దుఃఖం, దాని వెనకే కోపం వచ్చాయి. గురువునే కడిగేద్దామని పాడుబావి మీది ఈతచెట్టుకు ఎగిరింది. అక్కడ గిజిగాడు సగం గూడు అల్లుతూ కనిపించాడు.

"ఏం గురువయ్యా, ఇంతమందిని ఎండబెట్టి ఏం బావుకుంటావు?"

"గురువునా? నేనా?" గిజిగాడు తెల్లబోయాడు. "నాకే దిక్కులేదు తల్లీ! మాలో మగవాడు సగం గూడల్లి ఆగాలి. ఆడపిట్ట వచ్చి చూసి, నచ్చిందంటేనే కాపురం. ఇప్పటికే రెండు గూళ్లు కాదని పోయింది. నేనొకరికి బడి పెట్టడమా!"

గువ్వ పరీక్ష సంగతి చెప్పింది. గిజిగాడు అల్లిక ఆపేశాడు.

"ఎండుగడ్డితోనా? మా తాతలు దిగొచ్చినా వెయ్యలేరు. పచ్చినారతోనే ముడి పడుతుంది. ఎండేకొద్దీ రాయిలా గట్టిపడుతుంది. అది ఎవరూ నెగ్గకూడదని పెట్టిన పరీక్షమ్మా."

నక్క మూతి నాక్కోవడం గువ్వకు గుర్తొచ్చింది. పూరేడు గుడ్లు తిన్నది పాము కాదు, నక్కే!

మర్నాడు నక్క పుట్ట మీదే ఉంది. తోక వెనక తుమ్మమోడు మీదికి వేలాడుతోంది. మోడు చాటున గిజిగాడు పచ్చినార పట్టుకుని నక్కాడు. గువ్వ ముందుకొచ్చి నిలబడింది.

"మావా, నా గూడెక్కడో నిన్న చెప్పనేలేదు."

నక్క చెవులు నిక్కబొడుచుకున్నాయి. "చెప్పమ్మా, చెప్పు!"

"చెబుతా గానీ, వానొస్తే బడి ఉంటుందా?"

"ఉంటుంది. గూడెక్కడ?"

"వాగు అవతల..." తోకచుట్టూ ఒక మెలిక పడింది. నక్క తోక విదిలించబోయింది. గిజిగాడు బిగుసుకుపోయాడు. గువ్వ గబగబా అంది, "రేగుపొదలున్నాయి చూశావూ?"

"చూశా. ఏ పొద?"

"మధ్యాహ్నం భోజనం ఎవరిది మావా?"

"భోజనం సంగతి నేను చూసుకుంటా! ఏ పొద?"

గిజిగాడు ఇంకా నార లాగుతూనే ఉన్నాడు. నక్క లేవబోయింది. "చాల్లే, నేనే వెతుక్కుంటా!"

ఇక సాగదీయడానికి వేళ లేదు. గువ్వ కళ్లు మూసుకుని ఉన్నమాటే చెప్పేసింది. "మొదటి పొద. మోకాలెత్తు. కింద నుంచే గుడ్లు కనబడతాయి."

నక్క నోరూరి ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణంలో ఆఖరి ముడి పడింది.

మరుక్షణం నక్క ఒక్క దూకు దూకింది. తోక మోడుకే ఉండిపోయింది, మూతి నేలకు కొట్టుకుంది. పిట్టల బారులోంచి పూరేడు గొంతు చించుకుని అరిచింది. ఆ అరుపుకి వాగు అవతలి గట్టున మందకు కాపలా ఉన్న కుక్కలు లేచాయి.

"గిజిగా! నా నాయన కదూ, విప్పరా!"

"విప్పే విద్య నేర్పుతానండీ," అన్నాడు గిజిగాడు. "ముందు మీరొక ముడి విప్పి చూపించండి."

"కదలకు మావా," అంది గువ్వ. "వంతు పోతుంది."

కుక్కలు వాగు దాటుతుండగా నక్క ప్రాణం బిగబట్టి గుంజుకుంది. సగం తోక మోడుకి వదిలి పారిపోయింది. మళ్లీ ఆ ఒడ్డున కనబడలేదు.

ఆ సాయంత్రమే గిజిగాడు రేగుపొదకు వచ్చాడు. పరీక్షా లేదు, వంతూ లేదు. గువ్వ ముక్కుకి పచ్చినార అందించి, "ఇలా తిప్పు, ఇలా దూర్చు," అన్నాడు, అంతే. పక్కన పూరేడు కూడా కూర్చుని నేర్చుకుంది. పొద్దుగూకేవేళకు గాలి లేచింది, వాన దంచింది. కొమ్మలు ఊగాయి గానీ, గుడ్లు కదల్లేదు.

నేర్పేవాడు లోపలికి పిలుస్తాడు; నేర్పలేనివాడు గుమ్మంలోనే కూర్చోబెడతాడు.