కొంగూ మఫ్లరూ

కూర్మారావు తీసే ప్రతి ఫొటోలోనూ కళ్ళు చచ్చిపోయేవి. వెలుగు సరిగ్గానే పడేది. నీడ వెన్నెలంత మెత్తగా దిగేది. ఎక్కడ తప్పుతున్నాడో తెలీక లోలోపలే కుమిలిపోయేవాడు.

"గురువుగారూ, ఈవేళ మీరే తియ్యండి," అన్నాడు, విజయనగరంలో తనకి ఈ పని నేర్పుతున్న పైడిరాజు మాస్టారితో.

ఎదురుగా స్టూలు మీద గాజులమ్మే సన్యాసమ్మ కూచుంది. మర్నాడు విశాఖలో ఆమెకి ఆపరేషన్. సగం దవడ తీసేస్తారట.

"రంగుల్లో వద్దు బాబూ, ఎర్రగా వాచింది. నలుపూ తెలుపులో తియ్యి. పుట్టబోయే మనవలకి నా మొకం ఇదీ అని చూపించాల," అంది. అంటూనే కొంగు చెంప మీదికి లాక్కుంది.

"కొంగు తియ్యండమ్మా. కదలకండి," అన్నాడు కూర్మారావు, మాస్టారు కెమెరా తనకే వదిలెయ్యడంతో.

తీసింది. మళ్ళీ లాక్కుంది. అవతల బస్సుకి టైమైపోతోంది.

మాస్టారు సన్యాసమ్మని లేపి కెమెరా వెనక నిలబెట్టారు. కూర్మారావుకి స్టూలు చూపించారు.

కూచున్నాడు. ఆ కెమెరా గాజుకన్ను తనని మింగేస్తుందేమో అనిపించింది. చెయ్యి దానంతటదే మెడకున్న మఫ్లరు మీదికి పోయింది.

సన్యాసమ్మ కెమెరాలోంచి చూసి, "ఓరి నాయనా! నన్ను కొంగు తియ్యమని, ఇంత ఎండలో నువ్వు ముసుగెట్టుకున్నావేటి? తియ్యి," అంది.

కూర్మారావు గురువుగారి వైపు చూశాడు. మాస్టారు కిటికీలోంచి వీధిని చూస్తున్నారు.

మెల్లగా తీశాడు. చెవి కింద నుంచి భుజం దాకా బొల్లి మచ్చలు.

ఆమె కెమెరా వెనక నుంచి తొంగి చూసింది. "ఇందుకా! నీకు ఫొటో ఎందుకురా, నువ్వే నలుపూ తెలుపూ!"

ఆ మాట ఇంతవరకు ఎవరూ మొహం మీద అనలేదు. కూర్మారావుకి నవ్వొచ్చింది, వెంటనే కళ్ళు నిండాయి.

ఆమె దగ్గరకొచ్చి మచ్చ మీద వేలు పెట్టి, "నొప్పెడతాదా?" అంది.

"లేదమ్మా. మీకో?"

"నాకు బయ్యంగా ఉంది బాబూ."

కూర్మారావు లేవగానే స్టూలు మీద కూచుంది. కొంగు భుజం మీదే ఉండిపోయింది. కదలకండి అనలేదు కూర్మారావు. ఆమెనే చూస్తూ కెమెరా మీట నొక్కాడు.

ఆమె బస్సుకి పరిగెత్తాక కూర్మారావు ముఖం పాలిపోయింది.

"గురువుగారూ! వెలుగెంతుందో చూసుకోకుండా నొక్కేశాను. ఫొటో పడిందో లేదో! ఆ మొహం మళ్ళీ దొరకదండీ!"

"కళ్ళు మూసుకో," అన్నారు మాస్టారు.

మూసుకున్నాడు.

"కనబడుతోందా?"

చాలాసేపటికి, "కనబడుతోందండీ," అన్నాడు.

"అయితే పద. ఫిల్ము కడుగుదాం."