పిందె తొక్కిన అగ్గిపెట్టె

అనగనగా ఒక అడవిలో, ఆకులన్నీ రాలి నేలంతా కప్పేసిన కాలంలో, సీతాలు అనే కుందేలు ఉండేది. దానికి ఒక్కగానొక్క కొడుకు. పేరు పిందె. పాలు మాని గడ్డి కొరకడం అప్పుడప్పుడే నేర్చుకుంటున్నాడు.

పిందెకి అన్నిటికీ భయమే. ఆకు కదిలితే పరుగు. కాయ రాలితే పరుగు. వాడు పరుగెత్తినప్పుడల్లా సీతాలు హడలిపోయేది. పొద కింద కదలకుండా కూర్చున్న కుందేలు నక్క కంటికి ఆనదు. ఊరికే పరుగెత్తేదే కనబడుతుంది. నక్క అడుగు దగ్గరగా వినబడితే మాత్రం ముళ్ళలోకి ఉరకాల్సిందే. ఆ ఏడు ఆ చుట్టుపక్కల ఒక నక్క తిరుగుతోంది కూడాను.

ఏ చప్పుడుకి కూర్చోవాలో, ఏ చప్పుడుకి ఉరకాలో వీడికి చెప్పేదెట్లా? గడ్డి మేస్తున్నా సీతాలుకి అదే ఆలోచన.

ఒకనాడు కోతులు చిల్లు పెట్టి, గుజ్జు తిని పారేసిన వెలగకాయ కాలికి తగిలింది. లోపల మిగిలిన గింజలు టకటకమన్నాయి. సీతాలు చెవులు నిక్కబొడుచుకున్నాయి. అది అచ్చం జింక అడుగుల చప్పుడు. వెంటనే దాన్ని దొర్లించుకుంటూ ఇంటికి తెచ్చింది. వాగు గట్టున ఖాళీ నత్తగుల్ల ఏరుకొచ్చింది. కట్టెలు కొట్టేవాళ్ళు పారేసిన అగ్గిపెట్టె కూడా నోట కరుచుకొచ్చింది.

చెట్టు మీది ఉడుత వరాలు ఇదంతా చూసింది.

"ఏం వదినా, అడవంతా ఊడ్చే పని పెట్టుకున్నావా?" అంది. తన పిల్లలకి తిరునాళ్ళ దారిలో మువ్వ దొరికిందని, అది తళతళా మెరుస్తుందని, ఆటవస్తువంటే అలా ఉండాలని చెప్పుకొచ్చింది.

సీతాలు సిగ్గుతో తల వంచుకుంది. కానీ తెచ్చినవాటిని మాత్రం వదల్లేదు.

నత్తగుల్లలో ఇసుక పోసి, మూతికి తుమ్మ బంక అద్దింది. ఊపితే సరసర. "ఇది గాలిరా నాన్నా. గాలికి మనం ఉరకం" అని చెప్పింది. వెలగకాయలో ఇంకాసిని గింజలు పోసి, చిల్లుకి మట్టి మెత్తింది. ఊపితే టకటక. జింక మనకేమీ చెయ్యదని చెప్పింది. పొద వెనక దాక్కుని ఒక్కొక్కటే ఊపేది. మొదట్లో పిందె రెండిటికీ పరుగే. పోనుపోను తల కూడా ఎత్తకుండా "గాలి", "జింక" అని చెప్పేవాడు.

ఇక మిగిలింది నక్క. అసలు కావలసింది అదే. సీతాలు అగ్గిపెట్టెలో ఎండుటాకులు కూరి ఊపింది. నక్కలా లేదు. పుల్లలు వేసి ఊపింది. లేదు. రాళ్ళు వేసి ఊపింది. అదీ లేదు. విసుగొచ్చి మేతకి వెళ్ళిపోయింది.

తిరిగొచ్చేసరికి అగ్గిపెట్టె చినిగి, చదునై, పిందె కాళ్ళ కింద ఉంది. ఉన్నది అదొక్కటే పెట్టె. సీతాలుకి కోపం వచ్చింది. ఒక్కటి వేద్దామని కాలెత్తింది కూడా. కానీ వాడు తల్లిని చూడనేలేదు. చినిగిన అట్ట మీద ఎండుటాకులు పరుచుకుంటున్నాడు. ఏం చేస్తాడో చూద్దామని ఆగింది.

పిందె మెల్లగా పాదం ఆనించాడు. క్రిచ్. ఆగాడు. మళ్ళీ ఆనించాడు. క్రిచ్.

సీతాలు ఒంటి మీద బొచ్చంతా లేచి నిలబడింది.

"ఊపితే రాదమ్మా. నక్క ఊగదు కదా, తొక్కుతుంది" అన్నాడు పిందె.

ఎక్కడ విన్నావురా అని అడిగితే, మొన్న నక్క పొద పక్కనుంచే పోతుంటే విన్నానన్నాడు. అన్నిటికీ పరుగెత్తేవాడు అన్నీ వింటున్నాడన్నమాట. సీతాలు ఎత్తిన కాలు దించి, వాడి ముందు కూర్చుని కళ్ళు మూసుకుంది.

"ఏదీ, ఇంకోసారి తొక్కు. నేనూ నేర్చుకుంటాను" అంది.

కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం వరాలు పిల్లలు నేల మీదికి దిగి మువ్వ ఆడించుకుంటున్నారు. సరసరమని గాలి వీచింది. పిందె కూర్చున్నాడు. టకటకమని జింక వెళ్ళింది. కూర్చున్నాడు. అప్పుడు వినబడింది. క్రిచ్. ఆగింది. క్రిచ్.

పిందె వెనక కాళ్ళతో నేలని దబదబా బాదాడు. "తొక్కుతోంది, తొక్కుతోంది" అని అరుస్తూ తల్లితో పాటు రేగు ముళ్ళలోకి దూరాడు. ఆ అరుపుకి వరాలు పిల్లల్ని పిలిచింది. ఇద్దరు ఎక్కేశారు. మువ్వ సందడిలో చిన్నాడికి పిలుపు వినబడలేదు. వరాలు కిందికి దూకి, వాణ్ణి నోట కరుచుకుని చెట్టెక్కింది. నక్క ఎగిరి నోరు మూస్తే, చిన్నాడి చేతిలోంచి జారిన మువ్వ అందులో పడి పళ్ళ మధ్య ఇరుక్కుంది. నక్క గల్లుగల్లుమంటూ పోతుంటే, ఆ చప్పుడు విని అడవంతా దానికి దారి వదిలింది.

మర్నాడు వరాలు చెట్టు దిగి, ఖాళీ వెలగకాయ ఒకటి పట్టుకుని సీతాలు దగ్గరికి వచ్చింది. ఆ రోజు వేళాకోళమేమీ ఆడలేదు.

"వదినా, ఇందులో ఏం పొయ్యమంటావు?" అని అడిగింది.

సీతాలు ఎప్పటిలాగే తల వంచుకుంది.

"నన్నడక్కు వదినా. దాన్ని మీ చిన్నాడి చేతికిచ్చి చూడు" అంది.

నీతి: పారేసిన వస్తువు కూడా పసివాడి చేతిలో పడితే పాఠమవుతుంది. పాడుచేస్తున్నాడని లాక్కోకుండా, ఏం చేస్తున్నాడో కాసేపు ఆగి చూడాలి.