వంద మూళ్ల లెక్క

వాగు ఎండిపోయి నెల దాటింది. ఇసుకలో తవ్వుకున్న ఒక్క చెలమ మీదే ఆ గుట్టల నడుమ ఏడు జంతువులు బతుకుతున్నాయి. అందులో ఏదుపందికి మాత్రం తోడంటూ ఎవరూ లేరు. ఒళ్లంతా ముళ్లాయె, పక్కన కూర్చోవాలంటే అందరికీ భయమే. నీళ్లు తాగి, ఎవరితోనూ మాట లేకుండా బొరియకు వెళ్లిపోయేది. పొద్దు గడవక, రాలిపోయిన ముళ్లను ఏడేసి చొప్పున పేర్చి, ఎన్ని మిగిలాయో చూసుకునేది.

ఒకరోజు పొద్దున్నే నక్క అందరినీ చెలమ చుట్టూ కూర్చోబెట్టింది.

"ఊట తగ్గింది. నీళ్లు ఆరుగురికే సరిపోతాయి. ఒకరు గుట్టలు దాటి వెళ్లిపోవాలి."

"ఎవరు వెళ్లాలో చెప్పేదెవరు బావా?" అంది ఎలుగుబంటి.

"లెక్కే చెబుతుంది మామా. మూడును మూడుతో గుణించి, వచ్చినదాన్ని మళ్లీ మూడుతో గుణించి, అలా మొత్తం వంద మూళ్లు గుణిద్దాం. నిన్ను ఒకటి అనుకుని, ఆ సంఖ్య వచ్చేదాకా చుట్టూ లెక్కపెట్టుకుంటూ పోదాం. ఎవరి దగ్గర ఆగితే వాళ్లు వెళ్లాలి."

అందరూ ఒప్పుకున్నారు. ఎలుగుబంటి తర్వాత జింక, కుందేలు, నక్క కూర్చున్నాయి. ఐదో చోట కాస్త ఎడంగా ఏదుపంది, ఆపైన నెమలి, తాబేలు.

నక్క కళ్లు మూసుకుని కాసేపు గొణిగింది. "ఐదో చోట ఆగింది. ఏదక్కా, నువ్వే!"

జింక తల తిప్పుకుంది. "ఏం చేస్తాం, లెక్క అలా వచ్చింది," అంది నెమలి.

ఏదుపంది ఒక్కొక్కరి మొహమూ చూసింది. మెల్లగా అడిగింది. "అంత పెద్ద సంఖ్యను ఎలా లెక్కపెట్టావు బావా?"

"నా తెలివి నాది. నీకెందుకు?"

"మనం ఏడుగురం. ఏడేసి పూర్తయిన చుట్లన్నీ తీసేయొచ్చు. మిగిలినదే మనకు కావాలి. ఆ మిగిలినదాన్నే మళ్లీ మూడుతో గుణిస్తే చాలు. మొదట మూడు. మూడు మూళ్లు తొమ్మిది, ఏడు పోతే రెండు. రెండు మూళ్లు ఆరు. ఆరు మూళ్లు పద్దెనిమిది, ఏడు రెళ్లు పద్నాలుగు పోతే నాలుగు. తర్వాత ఐదు, ఆ తర్వాత ఒకటి. మళ్లీ మూడు దగ్గరికే వస్తాం. ఒక్కో మూడూ ఒక్కో అడుగు అనుకుంటే, ఆరు అడుగులకోసారి ఇదే వరస."

"వందో అడుగు?" అంది ఎలుగుబంటి ముందుకు వంగి.

"పదహారు ఆర్లు తొంభై ఆరు. ఇంకా నాలుగు అడుగులు. మూడు, రెండు, ఆరు, నాలుగు. నాలుగో చోట ఆగాలి."

నాలుగో చోట ఉన్నది నక్క.

"ఒట్టి మాటలు!" అని ఎగిరిపడింది నక్క.

"అయితే చిన్న లెక్కతో చూద్దాం. నాలుగు మూళ్లను ఒకదానితో ఒకటి గుణిస్తే ఎనభై ఒకటి. అందులోనూ నాలుగే మిగలాలి," అంది ఏదుపంది.

తాబేలు ఓపిగ్గా ఒక్కొక్కరినీ చూపిస్తూ ఎనభై ఒకటి దాకా లెక్కపెట్టింది. సరిగ్గా నక్క దగ్గరే ఆగింది.

"పద్ధతి పెట్టింది నువ్వే బావా," అంది ఎలుగుబంటి.

నక్క తోక దించుకుని, తను వేసిన ఎత్తుకు తనే బలై, గుట్టల దారి పట్టింది.

"గట్టిదానివి ఏదక్కా! రా, ఇటు జరిగి కూర్చో," అని పిలిచింది నెమలి.

ఏదుపంది కదల్లేదు. "నక్క నా పేరు చెప్పినప్పుడు, మళ్లీ ఒకసారి లెక్కపెట్టు అని ఒక్కరైనా అనలేదేం?"

కుందేలు చెవులు దించుకుంది. ఏదుపంది రెండు గుక్కలు నీళ్లు తాగి, ఎప్పటిలాగే ఒంటరిగా బొరియ దారి పట్టింది. పిలవాలని ఉన్నా, ఏమని పిలవాలో వాళ్లకు తెలియలేదు.

నీతి: ఒంటరివాళ్ల మీద పడిన లెక్కను సరిచూడనివాళ్లకు కూడా ఆ తప్పులో వాటా ఉంటుంది.